కోర్టు ఎవరి ఊళ్ళో ఉండాలి?

  

ఇలినాయ్‌లోని నేపర్విల్ నుంచి ఈవేళ చాలామందే చేరినట్టున్నారు. అందుకని ముందు మీ ఊరి సంగతే చెబుతాను. 1868లో ఒక రాత్రి, పక్కనున్న వీటన్ ఊరివాళ్ళు కొందరు గుంపుగా మీ ఊరి మీద పడ్డారు. వాళ్ళు వచ్చింది కౌంటీ కోర్టులో ఉన్న కాగితాల కోసం. చేతికందిన రికార్డులన్నీ మూటగట్టుకుని, ఊరు తేరుకునేలోగా ఉడాయించారు. ఆ హడావుడిలో దారిలో కొన్ని జారిపోయాయి కూడా.

గొడవ ఎక్కడ మొదలైందంటే, డుపేజ్ కౌంటీ 1839లో ఏర్పడినప్పుడు నేపర్విలే దాని ముఖ్యపట్టణం. పదేళ్ళకి షికాగో నుంచి రైలు పట్టాలొచ్చాయి. అవి వీటన్ మీదుగా పోయాయి. రైలొచ్చిన ఊరు పెరిగింది. పెరిగిన ఊరికి కోర్టు కూడా కావాలనిపించింది. 1867లో ఓటింగు పెడితే వీటన్ కొద్ది తేడాతో నెగ్గింది. నేపర్విల్ ఒప్పుకోలేదు. ఎన్నిక చెల్లదంది, కాగితాలు ఇవ్వనంది. అప్పుడు జరిగింది ఈ రాత్రి దండయాత్ర. మిగిలిన కాగితాలకి మళ్ళీ ఏం మూడుతుందోనని నేపర్విల్‌వాళ్ళు వాటిని భద్రంగా ఉంటాయని షికాగో పంపించారు. 1871లో షికాగో తగలబడింది, వాటితో సహా. సెంట్రల్ పార్కులో పిల్లల్ని ఆడించుకునేవాళ్ళు మీలో ఉండే ఉంటారు. ఆ పాత కోర్టు ఉండేది అక్కడే.

మనకిది అంతుపట్టని సంగతేం కాదు. 2016లో జనగామవాళ్ళు జిల్లా కోసం ఎంత పట్టుబట్టారో చూశాం. 2022లో అన్నమయ్య జిల్లాకి రాయచోటిని కేంద్రం చేస్తే రాజంపేట ఎలా భగ్గుమందో చూశాం. జిల్లా కేంద్రమంటే ప్లీడర్లు, రిజిస్ట్రేషన్లు, వాయిదాల రోజున నిండే హోటళ్ళు, చుట్టుపక్కల స్థలాల రేట్లు. నూటయాభై ఏళ్ళ కిందట ఇలినాయ్‌లోనూ, ఇండియానాలోనూ అంతే. కోర్టు ఉన్న ఊరికి బ్యాంకు వస్తుంది, పత్రిక వస్తుంది, కోర్టు నోటీసులు అచ్చేసుకుని ఆ పత్రిక బతుకుతుంది. కోర్టు తరలిపోయిన ఊళ్ళో ధాన్యం గోదాము, చర్చి మిగిలితే గొప్ప.

నేను ఈ ప్రాంతంలో చిన్న ఊళ్ళ కోర్టు భవనాలు చూస్తూ తిరుగుతుంటాను. మా ఇంట్లోవాళ్ళకి ఇదొక పిచ్చి. తిరగ్గా తిరగ్గా నాకు అనిపించింది మీ ముందు పెడతాను. గుమ్మటం, స్తంభాలు, నాలుగు దిక్కులా గడియారాలు చూసి, ఇది న్యాయం మీద భక్తితో కట్టారని మనం అనుకుంటాం. ఆ భక్తి కొంత ఉంది. కానీ చాలా చోట్ల దానికన్నా పెద్దది భయం, పక్క ఊరు ఎగరేసుకుపోతుందేమోనని. కాగితాలైతే రాత్రికి రాత్రి ఎత్తుకుపోవచ్చు, రాతి గుమ్మటాన్ని ఎవరెత్తుకుపోతారు?

ఈ భయానికి పరాకాష్ఠ చూడాలంటే కార్లిన్‌విల్ వెళ్ళాలి. స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి సెయింట్ లూయిస్ వైపు ఇంటర్‌స్టేట్ 55 మీద ఎన్నోసార్లు పోయుంటారు. రోడ్డు దిగి కొంచెం పడమరకి పోతే చాలు. మకూపిన్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. 1867లో 50 వేల డాలర్ల బాండ్లతో అక్కడ కోర్టు పని మొదలైంది. 1870లో పూర్తయ్యేసరికి ఖర్చు 13 లక్షలు దాటింది. 50 వేలెక్కడ, 13 లక్షలెక్కడ! ఒక మొక్కజొన్న కౌంటీ, అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్ళకే ఎత్తుకున్న పని. పన్నులు పెరిగాయి, రైతులు లబలబలాడారు. లెక్కలు చూడాల్సిన కౌంటీ గుమాస్తా జార్జ్ హాలిడే ఊరొదిలి పారిపోయాడు. ఆ అప్పు తీరింది 1910లో. నలభై ఏళ్ళు! అంటే బాండ్ల మీద సంతకాలు పెట్టినవాళ్ళ మనవలు కూడా తీర్చారు. ఆఖరి బాండుని గవర్నర్ చార్లెస్ డెనీన్ వచ్చి అందరి ఎదుటా తగలబెడితే ఊరు పండగ చేసుకుంది. అవినీతి మీద అంత బాహాటంగా జరిగిన సంబరం నేనెక్కడా వినలేదు. సంబరం అప్పు తీరినందుకేనని వాళ్ళంటారనుకోండి.

లోపలికెళితే ఇంకో ఆశ్చర్యం. తలుపులు, కిటికీ చట్రాలు అన్నీ ఇనుమే. నిప్పుకి భయపడి అలా చేశారు. ఎంత భయపడ్డారో, ఎందుకు భయపడ్డారో ఇంకో ఊరి దగ్గర చెబుతాను. దీన్ని గీసిన వాస్తుశిల్పి ఎలైజా మైయర్స్ ఆ తర్వాత మిషిగన్, టెక్సస్, కొలరాడో రాష్ట్రాల శాసనసభ భవనాలు కట్టాడు. కాబట్టి లాన్సింగ్, ఆస్టిన్, డెన్వర్ మిత్రులారా, మీ రాజధానుల గుమ్మటాలకి ముందు ఈ చిన్న ఊళ్ళో ఒకటి లేచిందని గుర్తుపెట్టుకోండి. కౌంటీ అక్కడ అప్పుల్లో కూరుకుంది, శిల్పి మాత్రం పైకొచ్చాడు.

ఇది సాహిత్య సభ కాబట్టి లూయిస్‌టౌన్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఇలినాయ్‌లోనే ఫుల్టన్ కౌంటీ, స్పూన్ రివర్ పారే చోటు. ఎడ్గర్ లీ మాస్టర్స్ 1915లో అచ్చువేసిన ‘స్పూన్ రివర్ ఆంథాలజీ’ మీలో చాలామంది చదివే ఉంటారు. ఒక ఊరి శ్మశానంలో చనిపోయినవాళ్ళు ఒక్కొక్కరే లేచి తమ కథ చెప్పుకుంటారు. రెండు వందల పైచిలుకు గొంతులు. బ్యాంకరు, తాగుబోతు, జడ్జి, జడ్జి చేతిలో అన్యాయమైపోయినవాడు, అందరూ ఆ కొండ మీదే పడుకుని ఉంటారు. మాస్టర్స్ తండ్రి ఆ ఊళ్ళో లాయరు. కొడుకూ లాయరే, షికాగోలో క్లారెన్స్ డారోతో కలిసి కొన్నేళ్ళు ప్రాక్టీసు చేశాడు. కోర్టు వరండాలో నిలబడి మనుషుల్ని చదివిన రచయిత అంటే మనకి వెంటనే ఎవరు గుర్తొస్తారు? రావిశాస్త్రి గారే కదా. విశాఖపట్నం కోర్టుల్లో ప్లీడరీ చేస్తూ ‘ఆరు సారా కథలు’ రాశారు. చట్టం అనే మాట వినగానే బీదవాడి ఒళ్ళు ఎలా వణుకుతుందో ఆయనకి తెలుసు, మాస్టర్స్‌కీ తెలుసు. తేడా ఏమిటంటే మాస్టర్స్ మనుషులు చచ్చాక గానీ నిజం చెప్పరు. రావిశాస్త్రి గారి మనుషులకి అంత ఓపిక లేదు, బతికుండగానే అనేస్తారు.

ఆ ఊరి పాత కోర్టు ముందు పెద్ద రాతి స్తంభాలుండేవి. 1858 ఆగస్టులో, సెనేట్ సీటు కోసం డగ్లస్‌తో తలపడుతున్న రోజుల్లో, లింకన్ ఆ స్తంభాల నడుమ నిలబడి స్వాతంత్ర్య ప్రకటన గురించి మాట్లాడాడు. 1894 డిసెంబరులో ఆ కోర్టుని తగలబెట్టారు. పక్కనే ఉన్న కాంటన్ ఊరు పెద్దదైపోయింది, ముఖ్యపట్టణం తనకే కావాలంటోంది. ఆ పోరు నడుస్తుండగా నిప్పు అంటుకుంది. కార్లిన్‌విల్‌లో ఇనప తలుపులు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా! స్పూన్ రివర్‌లో సైలస్ డిమెంట్ అనేవాడి గొంతు వినపడేది ఇక్కడే. కోర్టుకి నిప్పుపెట్టి జైలుకి పోయినవాడు. తిరిగొచ్చేసరికి అక్కడ గుమ్మటంతో కొత్త కోర్టు లేచి ఉంటుంది. కన్యాశుల్కంలో ప్లీడర్లనీ దొంగ సాక్ష్యాలనీ చూసి నవ్వుకున్నవాళ్ళకి ఈ సైలస్ కొత్త మనిషేం కాడు.

లూయిస్‌టౌన్‌వాళ్ళకి ఆ పుస్తకం మీద మహా కోపం. మరి ఉండదూ, చాలా సమాధులు పేర్లు కొద్దిగా మార్చిన నిజం మనుషులవే. ఊరి గ్రంథాలయంలో దశాబ్దాల పాటు దానికి చోటు లేదు. ఇప్పుడు ఆ ఊరి ఓక్ హిల్ శ్మశానానికి జనం ఆ పుస్తకం పట్టుకునే వస్తారు. కాలిపోయిన కోర్టు స్తంభాలు రెండు అక్కడ అంతర్యుద్ధ సైనికుల స్మారకంగా నిలబెట్టారు.

ఇండియానాలో కొలంబస్ గురించి క్లుప్తంగా చెబుతాను. కమిన్స్ కంపెనీలో పనిచేసే మనవాళ్ళు అక్కడ చాలామంది. ఊరికి వచ్చే యాత్రికులు సారినెన్ తండ్రీకొడుకులు కట్టిన ఆధునిక చర్చీలు చూసి వెళ్ళిపోతారు. 1874 నాటి ఎర్ర ఇటుక కోర్టు వైపు ఎవరూ పెద్దగా చూడరు. దాని పక్కనే 25 సున్నపురాతి స్తంభాలు గుబురుగా నిలబడి ఉంటాయి, ఒక్కొక్కటి 40 అడుగుల ఎత్తు. యుద్ధాల్లో పోయిన ఆ కౌంటీ కుర్రాళ్ళ పేర్లు, వాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలు ఆ రాళ్ళ మీద చెక్కారు. అమ్మకి రాసిన జాబు రాతి మీద చదవడం ఎలా ఉంటుందో వెళ్ళి చూడండి.

ఇప్పటిదాకా నవ్వుతూ చెప్పాను. ఇండియానాలోనే మేరియన్ దగ్గర నవ్వు రాదు. గ్రాంట్ కౌంటీ ముఖ్యపట్టణం అది. 1930 ఆగస్టు 7 రాత్రి జనం కౌంటీ జైలు బద్దలుకొట్టి టామస్ షిప్, ఏబ్రమ్ స్మిత్ అనే ఇద్దరు నల్లజాతి యువకుల్ని బయటికి లాగి చంపి, కోర్టు ఆవరణలోని చెట్టుకి వేలాడదీశారు. విచారణ జరగాల్సిన భవనం అక్కడే, వేల జనం అక్కడే. లారెన్స్ బైట్లర్ అనే ఊరి ఫొటోగ్రాఫర్ తీసిన బొమ్మలో కొందరు కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. మొహాలు అంత స్పష్టంగా ఉన్నా ఒక్కరికీ శిక్ష పడలేదు. ఆ ఫొటో చూసి నిద్రపట్టక న్యూయార్క్‌లో ఏబెల్ మిరోపోల్ అనే స్కూలు టీచరు రాసిన కవితే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’. 1939లో బిల్లీ హాలిడే పాడాక లోకమంతా విన్నది. ఆ రాత్రి మూడోవాడు కూడా ఉన్నాడు. జేమ్స్ కామెరన్, 16 ఏళ్ళు. మెడకి తాడు వేశాక కూడా బతికి బయటపడ్డాడు. తర్వాత మిల్వాకీలో నల్లజాతి చరిత్ర మ్యూజియం పెట్టాడు. 1993లో ఇండియానా గవర్నర్ అతనికి క్షమాభిక్ష ఇచ్చాడు. ఎవరు ఎవర్ని క్షమించాలో మీరే ఆలోచించండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1906కి ముందు పౌరసత్వం ఇలాంటి కౌంటీ కోర్టుల్లో కూడా ఇచ్చేసేవారు. జర్మనీ రైతు, స్వీడన్ వడ్రంగి వచ్చి చెయ్యెత్తి ప్రమాణం చేసి వెళ్ళిపోయేవాళ్ళు. మన రంగువాళ్ళకి ఆ అర్హత లేదని 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో సుప్రీం కోర్టే తేల్చింది. 1946లో చట్టం మారేదాకా అంతే. ఆ మెట్లు ఎక్కుతున్నప్పుడు అది నాకు గుర్తురాకుండా ఉండదు.

మళ్ళీ కొంచెం తేలికపడదాం. విన్‌చెస్టర్, ఇండియానా. ర్యాండాల్ఫ్ కౌంటీ. 1877 నాటి కోర్టుని కూల్చి కొత్తది కట్టాలని 2005లో కమిషనర్లు తీర్మానించారు. అక్కడ పేకాట క్లబ్బులో ఏడుగురు ముసలమ్మలున్నారు. బ్రిడ్జి ఆడేవాళ్ళు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. వాళ్ళేం చేశారనుకున్నారు? బట్టల్లేకుండా, ముందు కోర్టు భవనం బొమ్మ అడ్డం పెట్టుకుని ఫొటోలు దిగి క్యాలెండరు వేశారు! మహిళా సభ్యులు నవ్వుతున్నారు, కెమెరాలు ఆపేసినవాళ్ళు కూడా నవ్వుతున్నారని నాకు తెలుసు. దేశమంతా వార్త అయింది. కోర్టు నిలబడింది. కాంటన్‌వాళ్ళ నుంచి, వీటన్‌వాళ్ళ నుంచి కోర్టుని కాపాడుకోవడం ఒకప్పటి పని. ఇప్పుడు సొంత కమిషనర్ల నుంచి కాపాడుకోవాల్సి వస్తోంది. పాత కోర్టుకి వేడి సరిగా అందదు, లిఫ్టు ఉండదు, పైకప్పు మరమ్మతుకి లక్షలు కావాలి. జనం తగ్గిపోతున్న కౌంటీకి అది నిజంగా భారమే. కమిషనర్ల మీద నాకు కోపం లేదు. అయినా నా ఓటు ముసలమ్మలకే.

ఎక్కడ మొదలుపెట్టాలని చాట్‌లో అడుగుతున్నారు. డెట్రాయిట్‌వాళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు. లింకన్ లాయరుగా వాదించిన పోస్ట్‌విల్ కోర్టుని హెన్రీ ఫోర్డ్ 1929లో కొని, విప్పి, మీ పక్కనే ఉన్న గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కి తరలించాడు. ఊరు ఊరుతో కొట్లాడినా దక్కనిది డబ్బుంటే దక్కింది. ఇలినాయ్‌వాళ్ళు మౌంట్ పులాస్కీ, మెటమోరా చూడండి. జడ్జీ, లాయర్లూ గుర్రాల మీద ఊరూరా తిరిగి కేసులు విన్న రోజుల కోర్టుల్లో, కట్టిన చోటే ఇంకా నిలబడి ఉన్నవి. పెద్ద గుమ్మటాల ముందు అవి చాలా మామూలుగా కనపడతాయి, నాకవే ఎక్కువ ఇష్టం.

ఇప్పటికీ పనిచేస్తున్న కోర్టులకైతే శనాదివారాలు వెళ్ళకండి, తాళం వేసి ఉంటుంది. ఒక శుక్రవారం సెలవు పెట్టుకోండి. గుమ్మం దగ్గర జేబులు ఖాళీ చేయమంటారు, పర్సులో చిన్న చాకు ఉన్నా కార్లోనే వదిలేయండి. లోపల ఏదో ఒక కిటికీ దగ్గర గుమాస్తా ఉంటారు. విచారణ ఏదీ లేకపోతే పై అంతస్తులో పాత కోర్టు హాలు చూడొచ్చా అని అడగండి. చాలాచోట్ల సంతోషంగా తీసుకెళ్ళి చూపిస్తారు. కార్లిన్‌విల్ వెళితే పక్క జైలు కూడా చూసి రండి. ఖైదీలు కన్నం వేయకుండా గోడల్లో ఫిరంగి గుళ్ళు పొదిగారు. ఇక ప్రశ్నలుంటే అడగండి, మైకు తీసుకోండి.