నావికుల వేలుపు కొంపిర

కుంభీరమనగా మొసలి యని మన నిఘంటువులు చెప్పుచున్నవి. ఆ సంస్కృతపదమే బౌద్ధముతో పాటు చీనా మీదుగా జపాను చేరి ‘కొంపిర’ యైనది. మనకు మొసలి యనగానే గజేంద్రుని కాలు పట్టిన మకరి తలపునకు వచ్చును. అచట మాత్రము కొంపిర నావికులను కాచు వేలుపు. ఆ వేలుపు వెలసిన కొండపేరు జోజుసాన్, అనగా ఏనుగుతల కొండ!

ఈ కొండ షికోకు ద్వీపమున, కగావా మండలమందలి కొతోహిర పట్టణమున నున్నది. సముద్రతీర మక్కడికి దూరము. ప్రధానాలయమునకు 785 మెట్లు, పైనున్న చిన్న ఆలయమునకు మొత్తము 1368 మెట్లు ఎక్కవలెను. క్రింది అంగళ్లలో చేతికఱ్ఱ లిచ్చుదురు. వాని విలువ మాకు సగము దారిలో తెలిసినది.

పూర్వము ఇచట బౌద్ధ, షింటో సంప్రదాయములు కలసియుండెను. 1868లో మెయిజీ ప్రభుత్వము రెంటిని వేరుచేయగా ఇది షింటో ఆలయమైనది. నేటి ప్రధానదైవము ఓమోనోనుషి. అయినను జనులు కొంపిర పేరు మఱువలేదు; నావికుల మ్రొక్కులును ఆగలేదు.

ప్రధానాలయము చెంత మ్రొక్కుబడి పటముల మండప మున్నది. అందు ఎటుచూచినను ఓడల చిత్తరువులే. వాని నడుమ 1990లో అంతరిక్షమున కేగిన తొలి జపానీయుడు అకియామా తొయొహిరో పటమును చూచితిమి. నీటిపై నైనను నింగిలో నైనను, బయలుదేరినవాడు క్షేమముగా తిరిగివచ్చుటయే కదా ఇంటివారి కోరిక!

కొండ ఎక్కుటకు వీలుపడని నావికులకు వేఱొక ఆచారము కలదు. కానుకను చిన్న పీపాలో నుంచి, దేవుని పేరుగల జెండా కట్టి, కడలిలో విడుతురు. అది కంటబడిన జాలరి దానిని తీసి, విడిచినవాని తరపున ఆలయమునకు చేర్చును. ఎడో కాలమున, రాలేని యజమానులు తమ కుక్కల మెడకు ఖర్చుల సొమ్ముతో సంచి కట్టి పంపెడివారు. దారినపోవు యాత్రికులు వానికి మేపు పెట్టి, కొండకు చేర్చెడివారు.

పీపాను తీయక విడిచిన జాలరిని అడుగువా రెవరు? కుక్క మెడలోని సొమ్ము కాజేసిన సాక్షు లెవరు? అయినను పంపువారు పంపిరి, చేర్చువారు చేర్చిరి. ఎన్నడును చూడని మనుష్యుని ధర్మబుద్ధిపై ఉంచిన నమ్మకమే ఈ ఆచారములకు ఆధారము. నడిసముద్రమున చిక్కిన నావను ఆదుకొనుటకు మొదట వచ్చునదియు తఱచుగా ఎవరిదో యెఱుగని మఱియొక నావయే. నావికులు కొంపిరకు మ్రొక్కునపుడు, తెలిసియో తెలియకయో, ఆ ఎఱుగని తోడునకు సైతము మ్రొక్కుచున్నారని మాకు తోచినది.