అడ్డపొగ - అంగిలికి వచ్చే ముప్పు
(ఉపన్యాస పాఠం)



ఈనాడు మేము మాట్లాడదలచినది సభల్లో సాధారణంగా ఎవరూ ఎత్తని విషయం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల్లో, ముఖ్యంగా సముద్రపు ఒడ్డు ఊళ్లలో, చుట్టను నిప్పు లోపలికి పెట్టి పీల్చే అలవాటు తరతరాలుగా ఉన్నది. దీన్నే అడ్డపొగ అంటారు. మగవారికంటే ఆడవారిలోనే ఇది ఎక్కువ.

ఎందుకమ్మా ఇలా తాగుతారంటే వారు చెప్పే కారణాలు కొట్టిపారేయదగినవి కావు. గాలికి చుట్ట ఆరిపోదు. చేతులు పనిలో ఉన్నా నోట్లో నిలుస్తుంది. ఒళ్లోని బిడ్డ మీద నిప్పు రాలదు. ఒక చుట్ట చాలాసేపు వస్తుంది. పెద్దల ఎదుట పొగ అంతగా కనిపించదు. పంటిపోటు తగ్గుతుందని మొదలుపెట్టినవారూ ఉన్నారు. కాబట్టి వారిని తెలివితక్కువవారని వెక్కిరించి లాభం లేదు.

అయితే లోపల జరిగేది వేరు. నిప్పు అంగిలికి దగ్గరగా ఉంటుంది. వేడి, పొగ, బూడిద మూడూ ఒకేచోట రోజూ తగులుతాయి. మొదట అంగిలి తెల్లబారుతుంది. లాలాజలం ఊరే సన్నని రంధ్రాలచోట ఎర్రని చుక్కలు లేస్తాయి. కొన్నిచోట్ల నల్లబడుతుంది, కొన్నిచోట్ల రంగు పోతుంది. పోనుపోను ఎర్రని మచ్చలు, మానని పుండ్లు రావచ్చు. వాటిలో కొన్ని రాచపుండుగా, అంటే క్యాన్సరుగా మారుతాయి. కట్టుడుపళ్లు పెట్టుకున్నవారిలో ఆ పళ్లెం కప్పినంతమేర అంగిలి బాగుండి, మిగతాచోట మచ్చలు కనబడటం కద్దు. తప్పు వేడిదీ పొగదీ అనటానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మన దేశంలో నోటి క్యాన్సరు ఎక్కువగా బుగ్గకు, నాలుకకు వస్తుంది. గట్టి అంగిలికి రావటం అరుదు. ఆ అరుదైనదే మన తీరంలో తరచుగా కనబడుతున్నదనీ, దానికి అడ్డపొగే కారణమనీ 1957లోనే వైద్యులు రాశారు. 1971లో వెలువడిన మరొక పరిశోధనలో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించారు. అందులో నూటికి సుమారు 44 మంది అడ్డపొగ తాగేవారే! ఫిలిప్పీన్సు, పనామా వంటి దేశాల్లోనూ ఈ అలవాటు ఉన్నది గాని, ఇంత విరివిగా పరిశీలించబడినది మన పల్లెలే.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటున్నది. తొలిరోజుల్లో నొప్పి ఉండదు. నొప్పి లేదు కనుక నోరు చూపించరు. నోరు చూపించమంటే ఆడవాళ్లకు సిగ్గు. ఇంట్లో వాళ్లు అడగరు. తీరా ముద్ద మింగలేని స్థితిలో ఆస్పత్రికి వస్తే, అంగిలి ఎముక దాకా కోసి తీయవలసి వస్తుంది. ఆ తర్వాత మాట ముక్కులోంచి వస్తుంది, తాగిన నీళ్లు ముక్కులోకి పోతాయి. అదే మచ్చ చిన్నగా ఉన్నప్పుడే చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తే వైద్యం ఎంతో తేలిక.

చుట్టను మామూలుగా తిప్పి తాగితే సరిపోతుందా అని కొందరు అడుగుతుంటారు. సరిపోదు. నోటికీ, గొంతుకూ, ఊపిరితిత్తులకూ, గుండెకూ అప్పుడూ కీడే. పూర్తిగా మానటమే మందు. మానేసినవారిలో తొలిదశ మచ్చలు చాలావరకు తగ్గిపోతాయి. ఇరవై ఏళ్ల అలవాటు కదా, ఇప్పుడు మాని ఏం లాభం అనుకోవద్దు.

మా మనవి మూడు మాటలు. ఇంట్లో అమ్మ, అత్త, నానమ్మ ఎవరు అడ్డపొగ తాగుతున్నా, నెలకొకసారి పగటి వెలుతురులో తల వెనక్కి వంచి నోరు తెరవమని అంగిలి చూడండి. రెండు వారాల్లో మానని పుండుగాని, ఎర్రని మచ్చగాని కనిపిస్తే వెంటనే పంటి డాక్టరుకో, పెద్దాసుపత్రిలోనో చూపించండి. చుట్టకు నిప్పు తెమ్మని పిల్లల్ని పంపకండి. అలవాటు అక్కడే అంటుకుంటుంది.

మానదలచినవారు 1800-11-2356 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి సలహా పొందవచ్చు. తిట్టి మాన్పించగలిగిన వారిని మేము ఇంతవరకు చూడలేదు. పక్కన కూర్చుని, నోరు చూసి, మచ్చ ఎక్కడుందో అద్దంలో వారికే చూపిస్తే చుట్ట పక్కన పెట్టినవారిని మాత్రం చూశాము.