హాస్టలు సీటు

(పెన్షనర్ల దినోత్సవం నాడు కొనకనమిట్లలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుస్తామో మీకు చెప్పనక్కరలేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను ఎవరో దయతో పడేసే బిచ్చం కాదని తేల్చింది. కార్యదర్శి గారు నన్ను డి.ఆర్. బకాయిల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ లెక్క నాకంటే బాగా తెలిసినవారు ఈ సభలో పదిమందైనా ఉన్నారు. అందుకని వారి అనుమతితో వేరే సంగతి మాట్లాడతాను. మన మనవళ్ళు, మనవరాళ్ళు పై చదువులకు పోయినప్పుడు ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు అన్నది ఆ సంగతి.

మన పశ్చిమ ప్రకాశం సంగతి మీకు తెలుసు. మార్కాపురం పలకల మీద రాష్ట్రమంతా అక్షరాలు దిద్దుకుంది గానీ, మన పిల్లలకు పెద్ద చదువు ఎప్పుడూ దూరాభారమే. 1970లో జిల్లా ఏర్పడక ముందు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. జిల్లా కేంద్రానికి పోవాలన్నా పొద్దున బయలుదేరితే రాత్రయ్యేది. ఇక యూనివర్సిటీ అంటే తిరుపతి, వాల్తేరు, హైదరాబాదు. నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది. ఒంగోలులో ఆంధ్రకేసరి పేరిట యూనివర్సిటీ రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంటి నుంచి క్యారియరు కట్టుకుని పోయి వచ్చే చదువు మనకు ఏనాడూ లేదు. సీటు వచ్చిందంటే వెంటనే రెండో ప్రశ్న, వాడికి అక్కడ తల దాచుకునే చోటేది?

మన తాతల కాలంలో ఆ ప్రశ్నకు జవాబు వారాలు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకొక ఇంట్లో భోజనం, రాత్రికి ఏ సత్రం అరుగు మీదో పడక. వారం తప్పిన రోజు మంచినీళ్ళు తాగి పడుకోవడం. అయితే ఆ వారాలు అందరికీ దొరికేవి కావు. పెట్టే ఇల్లు ముందు కులం అడిగేది. ఇది దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఎస్.సి. విద్యార్థులకు 1944లో పోస్టు మెట్రిక్ స్కాలర్‌షిప్పు, తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు వచ్చాకే చాలామంది బిడ్డలు పట్నంలో నిలబడి చదవగలిగారు.

ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారి కథే చూడండి. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఆమె ఎంతమంది పరాయి పిల్లలకు అన్నం వండిపెట్టిందో లెక్క ఎవరు రాశారు! చివరకు ప్రకాశం గారి చదువు ముందుకు సాగడానికి కూడా ఒక పరాయి ఇల్లే కావలసి వచ్చింది. గురువు హనుమంతరావు నాయుడు గారు తనతోపాటు రాజమండ్రి తీసుకుపోయి చదివించారు. ఆ గురువు ఆనాడు నాకెందుకులే అనుకుని ఉంటే ఆ జిల్లా పేరు ఇంకేదో అయి ఉండేది.

హాస్టలు సీటు పోతే చదువు పోతుందని చెప్పడానికి 1938 నాటి ఉస్మానియా కంటే పెద్ద ఉదాహరణ లేదు. హాస్టలు ప్రార్థనా మందిరంలో వందేమాతరం పాడకూడదన్నారు. పిల్లలు పాడారు. హాస్టళ్ళ నుంచీ, యూనివర్సిటీ నుంచీ వెళ్ళగొట్టారు. వారిలో చాలామందిని నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు ఆ పిల్లలలో ఒకరు.

ఇక నా సొంత గోడు. యూనివర్సిటీ పేరు చెప్పను. ఆ రోజుల్లో అన్నిచోట్లా అదే వరస.

1972లో నాకు ఎం.ఏ.లో సీటు వచ్చింది. మా నాయన రెండు మేకలు అమ్మి డబ్బు చేతిలో పెట్టాడు. రేకు పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక బొంత, అమ్మ కట్టిచ్చిన కందిపొడి. మార్కాపూర్ రోడ్డు స్టేషనులో అప్పటి మీటరు గేజి రైలెక్కి పోయాను. క్లాసులో చేర్చుకున్నారు. హాస్టలు ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండానే వెయిటింగ్ లిస్టు అన్నాడు. తర్వాత నేనూ గుమాస్తానై ఎంతమందికి తల ఎత్తకుండా జవాబు చెప్పానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పెట్టె మీద కూర్చుని ఉంటే కంభం కుర్రాడు ఒకడు వచ్చి, మాట యాస పట్టి, "మనది యాడ?" అన్నాడు. చెప్పాను. "బస్టాండులో పడుకుంటావా ఏంది? రా, నా గదిలో చోటుంది" అన్నాడు. అలా నేను దొంగ గెస్టునయ్యాను. మీలో హాస్టల్లో చదివినవారికి తెలుసు, ప్రతి గదిలోనూ అలాంటివాడు ఒకడు ఉండేవాడు. రాత్రి తొమ్మిది దాటాక లోపలికి, తెల్లవారక ముందే బయటికి. వాడు మెస్సులో తను తిన్నాక కొంచెం అన్నం, సాంబారు గదికి తెచ్చేవాడు.

మెస్సు అప్పట్లో డివైడింగ్ పద్ధతి. నెలంతా అయిన బియ్యం, పప్పు, కట్టెలు, వంటవాళ్ళ జీతాలు అన్నీ కూడి, పిల్లల సంఖ్యతో భాగించి బిల్లు వేసేవారు. బిల్లు కట్టకపోతే నో డ్యూస్ ఇవ్వరు. నో డ్యూస్ లేకపోతే హాల్ టిక్కెట్టు లేదు. మెస్ సెక్రటరీ మంచివాడయితే బిల్లు తక్కువ, పప్పు చిక్కన. లేకపోతే రెండూ తలకిందులే. అయినా పండగనాడు వేసే గ్రాండ్ ఫీస్టులో ఆకు ముందు కూర్చున్నవాడికి ఆ బాధలేవీ గుర్తుండేవి కావు. జొన్నన్నం తిని పెరిగిన మాకు రోజూ వరి అన్నమే పెద్ద సంగతి.

ఆ ఏడాది చివర్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి, హాస్టళ్ళు ఖాళీ చేయించారు. పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాను. 1973లో తిరిగి పోయేసరికి నా పేరు వెయిటింగ్ లిస్టులో పైకి జరిగి మొదటిదయింది గానీ సీటు రాలేదు. మళ్ళీ ఆ గదిలోనే.

ఒకనాటి రాత్రి తనిఖీ జరిగింది. నేను లైబ్రరీలో ఉన్నాను. నా బొంత, పెట్టె కనపడ్డాయి. ఎవరివని అడిగితే మావాడు "మా ఊరి చుట్టానివి, రేపు తీసుకుపోతాడు" అన్నాడట. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వెయిటింగ్ లిస్టు నుంచి కూడా పోయేవాణ్ణి. వాడి సీటు రద్దు చేశారు. గెస్టు చార్జీల కింద నూట ఎనభై రూపాయలు వేశారు. వాడి ఇంట్లో ఆ డబ్బు లేదు. నా దగ్గర అసలే లేదు. పది రోజులు చూసి, ఒక పొద్దున నాకు చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికే నేను ఈ రోజు మైకు అడిగాను. వాడు ఖాళీ చేసిన సీటు వెయిటింగ్ లిస్టులో మొదటివాడికి వచ్చింది. మొదటివాణ్ణి నేనే. అదే హాస్టలు, అదే అంతస్తు. నేను తీసుకున్నాను. వద్దనలేదు. ఎం.ఏ. పాసయ్యాను, సర్వీసు కమిషన్ పరీక్ష రాసి రెవెన్యూలో చేరి, డిప్యూటీ తహశీల్దారుగా 2009లో రిటైరయ్యాను. వాడు చదువు మధ్యలో ఆపి చిన్న గుమాస్తా ఉద్యోగంలో చేరి, సీనియర్ అసిస్టెంటుగానే దిగిపోయాడు. నాకంటే తెలివైనవాడు. మొదటి జీతం రాగానే కంభం పోయి నూట ఎనభై రూపాయలు చేతిలో పెట్టబోతే నవ్వి, "ఆ లెక్క ఎప్పుడో ఆడిటు అయిపోయిందిలేరా" అన్నాడు. చెరువు కట్ట మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాం. ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు. ఆరేళ్ళ కిందట పోయాడు. ఈ సంగతి మా ఇంట్లో కూడా ఇన్నేళ్ళు చెప్పలేదు నేను.

ఇప్పుడు రోజులు మారాయి కదా అంటారు. కొంత మారాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. 2020లో వసతి దీవెన అని మొదలుపెట్టి, డిగ్రీ, ఆపై చదివే పేద పిల్లలకు తిండికీ వసతికీ ఏటా ఇరవై వేలు తల్లుల ఖాతాలో రెండు విడతలుగా వేస్తామన్నారు. 2024 తర్వాత ఆ పథకం ఆ పేరుతో లేదు. ఏ ప్రభుత్వం వచ్చినా నాదొకటే విన్నపం. జూన్, జూలైలలో కట్టాల్సిన అడ్వాన్సుకు మరుసటి మార్చిలో వచ్చే డబ్బు పనికిరాదు. డి.ఆర్. బకాయిల కోసం కాచుకునే మనకు ఈ బాధ వేరే చెప్పాలా?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు అమీర్‌పేట ప్రాంతంలో ప్రైవేటు హాస్టళ్ళవాళ్ళు పిల్లలను వెళ్ళిపొమ్మన్నారు. పోలీసు స్టేషన్ల ముందు వరసల్లో నిలబడి పాసులు తీసుకుని బయలుదేరితే గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. టీవీలో ఆ పిల్లలు రోడ్డు మీద సంచులు పెట్టుకుని కూర్చోవడం చూసి నాకు 1972లో నా పెట్టె గుర్తుకొచ్చింది.

మొన్న జూలైలో మా మనవరాలికి ఎం.ఎస్‌సి.లో సీటు వచ్చింది. హాస్టలు జాబితా ఇంకా పెట్టలేదన్నారు. బయట ప్రైవేటు హాస్టల్లో ముగ్గురుండే గదికి నెలకు ఏడు వేలు, రెండు నెలల అడ్వాన్సు. మా అబ్బాయి ఆడపిల్లను తెలియని ఊళ్ళో ఎక్కడ వదిలి వస్తామన్నాడు, మార్కాపురంలోనే ఏదో ఒకటి చదివిద్దామన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. సర్టిఫికెట్లు మళ్ళీ కవరులో పెట్టేసుకుంది. అది చూడలేకపోయాను. నాతో పనిచేసిన ఒక మిత్రుడు ఆ ఊళ్ళో స్థిరపడ్డాడు. ఫోను చేశాను. "దానికి అడగాలా? రేపే పంపు" అన్నాడు. ఇరవై మూడు రోజులు వాళ్ళింట్లో ఉంది. జాబితాలో పేరు వచ్చింది. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇరవై మూడు రోజులే, అవి గడవకపోతే చదువు లేదు.

అధ్యక్షా, మన సంఘానికి హాస్టలు కట్టే శక్తి లేదు. చందాలు మొదలుపెట్టి మధ్యలో వదిలేసే పని అసలే వద్దు. గుంటూరు, తిరుపతి, విశాఖపట్నం, హైదరాబాదు, కర్నూలు, అన్నిచోట్లా మన సభ్యులో, వారి బిడ్డలో ఉన్నారు. చాలా ఇళ్ళలో పిల్లలు అమెరికా పోయి గదులు ఖాళీగా ఉన్నాయి. సీటు వచ్చిన పిల్లకు, పిల్లవాడికి హాస్టలు జాబితా పెట్టేదాకా పదిహేను రోజులో, నెలో ఉండనివ్వగలిగినవారి పేర్లు ఒక రిజిస్టరులో రాసుకుందాం. కులం గడి ఆ రిజిస్టరులో ఉండకూడదు. లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఏటా వచ్చినప్పుడే ఆ పేరు కూడా సరిచూసుకుంటే సరిపోతుంది.

మొదటి పేరు నాది రాయండి. ఒంగోలులో మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. ఇద్దరు పడుకోవచ్చు. నీళ్ళు మాత్రం కింది నుంచి తెచ్చుకోవాలి. పొద్దున టిఫినుకు మా ఇంటావిడ ఒప్పుకుంది, ఇక్కడే ఉంది, అడగండి. చిరునామా కార్యదర్శి గారికి ఇచ్చాను. సెలవు.