నీరు నిలుపని మరమ్మతు

సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని అందుకొని కర్నూలు నుండి కడపకు పారు కె.సి. కాలువ 1863లో ఆరంభమైన పని. అట్టి కాలువలో తూము చెడినచో నీరు నిలుపు దినములకై వేచియుండుట వాడుక. మా రేడియో కేంద్రములలోను అదే రీతి. ఉదయప్రసారము ముగిసి మధ్యాహ్నప్రసారము మొదలగు లోపల ఇంజనీర్లు యంత్రములను విప్పి సరిచేసెడివారు.

కాని నేడు విరామమెరుగని యంత్రమొకటి కలదు. అనేక కంప్యూటర్లు అడిగిన సమాచారమును అందించు పెద్ద కంప్యూటరు అది. దానికి సర్వరని పేరు. దానిని నడపు మూలవ్యవస్థ ఆపరేటింగ్ సిస్టము. ఏ కార్యాలయములోనైనను గుమాస్తా “సర్వరు డౌనయినది, రేపు రండి” అనినచో, ఆదోని నుండి బస్సుఛార్జీ పెట్టుకొని కర్నూలు వచ్చిన రైతునకు ఒక దినము కూలి పోయినట్లే.

సర్వర్లలో లినక్సు, విండోస్ సర్వర్ మొదలగు వ్యవస్థలు వాడుకలో నున్నవి. వీనిలో విండోస్ సర్వర్ 2025ను మైక్రోసాఫ్ట్ సంస్థ 2024 నవంబరు 1న విడుదల చేసినది. ఆ సంస్థ సర్వర్ విభాగమునకు 2011లో అధ్యక్షుడై, 2014లో సంస్థకే అధిపతియైన సత్య నాదెళ్ల తండ్రిగారి ఊరు మన పొరుగు అనంతపురం జిల్లాలోని బుక్కాపురము.

ఇందలి ముఖ్యమైన క్రొత్త ఏర్పాటు ‘హాట్‌ప్యాచ్’. లోపములను సవరించు దిద్దుబాట్లు నెలనెల వచ్చును. పూర్వము దిద్దుబాటు చేసిన ప్రతిసారి సర్వరును ఆపి మరల నడపవలసియుండెను. అనగా ఏటికి 12 సార్లు. ఇప్పుడు నడచుచున్న కార్యక్రమమునే జ్ఞాపకమున మార్చుదురు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మాసములలో మాత్రమే ఆపవలసియుండును. ఈ సదుపాయము మొదట ఆ సంస్థ అజూర్ క్లౌడులోని ఒక ప్రత్యేక రూపమునకే పరిమితము. ఇప్పుడు మన భవనములోనున్న సర్వరునకును లభించును. అయితే ఉచితము కాదు. 2025 జూలై నుండి ప్రాసెసరులోని ఒక్కొక్క కోరునకు నెలకు ఒకటిన్నర డాలరు రుసుముగా నిర్ణయించిరి.

రెండవది తాళముల విషయము. దొంగలు యంత్రసాయమున సంకేతపదములను వరుసగా ప్రయోగించి చూచుదురు. ఫైళ్లను పంచుకొను మార్గమున ఒక ప్రయత్నము తప్పినచో, తరువాతి దానికి 2 సెకనుల ఆలస్యము కల్పించిరి. సెకనునకు 300 చొప్పున 5 నిమిషములలో ముగియు 90,000 ప్రయత్నములకు ఇకమీదట 50 గంటలు పట్టును. ఎన్‌టీఎల్‌ఎం మొదటి రూపమను పాత గుర్తింపు పద్ధతిని పూర్తిగా తొలగించిరి. ఇది మేలే, కాని ఆ పద్ధతినే నమ్ముకొన్న పాత స్కానర్లు, ప్రింటర్లు సర్వరుతో మాటాడజాలవు. వానిని ముందుగా పరీక్షింపవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసంస్థ పంపిన ఒక్క తప్పుడు దిద్దుబాటుతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు స్తంభించినవి. శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు చీట్లను చేతితో వ్రాసి యిచ్చిరి. అది హాట్‌ప్యాచ్ కాదు; కాని దిద్దుబాటే కీడు చేయగలదని ఆ దినము తెలిపినది. కావున ఏ దిద్దుబాటునైనను ముందు ఒక విడి యంత్రముపై పరీక్షించుట, పాత సమాచారపు నకలును వేరుచోట దాచుట మానరాదు.

మీ ఊరి కళాశాలలోనో, ఆసుపత్రిలోనో సర్వరు ఉన్నచో దానిని చూచుకొనువారిని మూడు ప్రశ్నలడుగుడు: దిద్దుబాట్లు ఎప్పుడు చేయుచున్నారు? ముందు ఎచ్చట పరీక్షించుచున్నారు? నకలు ఎచ్చట నున్నది? నీరు పారుచుండగనే తూము బాగుచేయు నేర్పు వచ్చినది, సంతోషమే. అయినను గట్టుపై లష్కరు ఉండవలసినదే.