వృత్తి అన్న గడిలో ఏమని రాయాలి?

(పాదరక్షల పనివారి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బల్లమీద ఉన్న వస్తువులు నావి కావు. ముందు వరుసలో కూర్చున్న చాచా ఒకరు తమ సంచిలోనుంచి తీసి ఇచ్చారు. అరచేతి చెమటకు పిడి నల్లబడి నిగనిగలాడుతున్న ఈ ఆరెతో తాము నలభై ఏళ్లుగా కుడుతున్నామని చెప్పారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపిన నాకు కలం తప్ప మరొక పనిముట్టు పట్టుకోవడం రాదు. అయినా వీటిని గురించి మాట్లాడతానని నేనే అడిగి ఒప్పుకున్నాను. అందుకు కారణం నేను చేసిన ఒక తప్పు. అది తరువాత చెబుతాను. ముందు పని సంగతి.

ఇది రంపె. మన ఇళ్లలో రాంపీ అంటారు. చూసేవారికి ఇది తోలు కోసే కత్తి మాత్రమే. కానీ కోయడం దాని పనిలో సగమే. రెండు తోలు ముక్కలు ఒకదానిపై ఒకటి వచ్చేచోట వాటి అంచులను పలచగా చెక్కాలి. చెక్కకపోతే కుట్టు దగ్గర గట్టు లేస్తుంది; ఆ గట్టు తొడిగినవారి వేలిని ఒరిసి పుండు చేస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉన్న తోలును అంచువద్ద సగానికి తేవాలి. చేయి కాస్త బరువుగా పడిందా, ముక్క తెగిపోయి ఆనాటి కూలి అందులోనే పోతుంది. ఈ మందాన్ని ఎవరూ స్కేలు పెట్టి కొలవరు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టుకుని చెబుతారు. ఇంజనీరు పరికరంతో చెప్పే మాటను మీరు వేళ్లతో చెబుతున్నారు. దానిని చదువు అనకపోతే మరేమనాలి?

ఇది ఆరె. సూటిగా ఉండేది ఒకటి, వంపు తిరిగినది మరొకటి. అడుగు కుట్టే ఆరెకు కొనవద్ద చిన్న కొక్కెం ఉంటుంది. తోలును పొడిచి, కిందనున్న దారాన్ని అందుకుని పైకి లాగుతుంది. రంధ్రం దారంకంటె పెద్దది కాకూడదు. దారానికి మైనం ఎందుకు పూస్తారని ఒక పిల్లవాణ్ణి అడిగితే ‘జారడానికి’ అన్నాడు. అదొక్కటే కాదు. మైనం రంధ్రాన్ని పూడుస్తుంది, నీరు దిగనివ్వదు, దారాన్ని కుళ్లిపోకుండా కాపాడుతుంది. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు ఊడకుండా పట్టి ఉంచేదీ ఆ మైనమే.

ఈ కొయ్యపాదం అచ్చు. పెద్దలు దీనిని కల్‌బూత్ అంటారు. పై తోలును కాస్త తడిపి, పట్టకారుతో ఈ అచ్చుమీదికి లాగి, చీలలు కొట్టి ఆరనిస్తారు. అచ్చుపై ఎంతసేపు నిలిస్తే బూటు ఆకారం అంత కాలం నిలుస్తుంది. పండుగముందు వర్తకుడు తొందరపెడితే తడి పూర్తిగా ఆరకముందే అచ్చు లాగేస్తారు. నెల తిరగకుండా బూటు వాలిపోతుంది. అప్పుడు చెడ్డపేరు వర్తకుడికి రాదు, చేసినవారికి వస్తుంది. సుత్తి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. దాని ముఖం వెడల్పుగా, గుండ్రంగా ఎందుకుంటుందో, మేకులు కొట్టే వడ్రంగి సుత్తితో తోలు కొడితే ఎటువంటి సొట్టలు పడతాయో మీరే నాకు చూపించారు.

పనిముట్లలో ఎవరూ లెక్కపెట్టనిది ఒకటుంది. అది జిగురు డబ్బా. దానిని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దాని ముందు కూర్చునేది చాలా ఇళ్లలో స్త్రీలు. ముక్కలకు జిగురు పూయడం, అంచులు మడవడం, అస్తరు అంటించడం ఇంటి పనిగా చెలామణి అవుతున్నది. వంట జరిగే గదిలోనే, పసిపిల్ల పక్కన నిద్రపోతుండగానే ఈ పని జరుగుతుంది. ఈ జిగురును పలుచన చేసే ద్రావకాలలో హెక్సేన్ అనేది ఒకటి. దాని ఆవిరిని రోజుల తరబడి పీల్చినవారికి చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కి, నరాలు దెబ్బతిని, నడక తడబడడం ఇటలీ, జపాన్ దేశాల చెప్పుల పనివారిలో దశాబ్దాల క్రితమే వైద్యులు గుర్తించారు. కనుక అమ్మల్లారా, తలుపూ కిటికీ తెరిచి పెట్టండి. డబ్బాకు మూత వేసి, కావలసినంతే చిన్న గిన్నెలోకి తీసుకోండి. పొయ్యి వెలుగుతున్న గదిలోకి అసలు తేవద్దు. వేళ్లు మొద్దుబారితే ‘వయసు’ అని సరిపెట్టుకోక, వైద్యుడి దగ్గర మీరు చేసే పని పేరు చెప్పండి. పని పేరు చెప్పకపోతే ఆయనకు కారణం తట్టదు.

ఇక తోలు.

మన సమాజంలో తోలు పని అంటే ముఖం చిట్లించేవారున్నారు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘లెదర్ బిజినెస్’ అంటే సరే, ‘చెప్పులు కుడతారు’ అంటే లేచిపోతారు. ఇస్లాంలో ఈ ఎచ్చుతగ్గులు లేవని వేదికలపై చెప్పేవారే ఇంట్లో ఈ లెక్కలు వేస్తారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక అష్రాఫ్, అజ్లాఫ్, అర్జల్ అన్న మాటలను దాచకుండా ప్రస్తావించింది. దైవప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, తమ చెప్పులను తామే బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా చెప్పిన సంగతి మనమందరం విన్నదే. హజ్రత్ మైమూనా ఇంటి సేవకురాలికి దానంగా వచ్చిన మేక ఒకటి చచ్చిపోతే, దాని తోలును శుద్ధిచేసి ఎందుకు వాడుకోలేదని ఆయన అడిగినట్లు కూడా హదీసు ఉన్నది. మాంసం తినడం హరామేగాని, శుద్ధిచేసిన తోలును వాడుకోవడం కాదు. ఇంత స్పష్టంగా ఉన్న విషయంలో మనం చిన్నతనపడడం దేనికో నాకు అర్థం కాదు.

తోలు శుద్ధిచేయడాన్ని తెలుగులో తోలు ఊనడం అంటారు. సున్నపు నీటిలో వెంట్రుకలు రాల్చి, చెక్కనీటిలో నానబెట్టే తొట్టి పేరు లంద. ఈ పని తరతరాలుగా చేసినవారు మాదిగ సోదరులు. మనవారిలో ఎక్కువమంది పచ్చితోళ్ల వ్యాపారంలోనూ, తరువాత కుట్టుపనిలోనూ ఉన్నారు. దక్షిణాదిన లందలో వేసేది ముఖ్యంగా తంగేడు చెక్క. నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమై, బతుకమ్మలో వెలిగే అదే తంగేడు. పువ్వు పండుగకు పోతే, చెక్క లందకు పోయింది. తుమ్మ చెక్క, కరక్కాయ కూడా వాడతారు. ఇలా ఊనిన తోలు గోధుమరంగులో, గట్టిగా ఉంటుంది. ఆకారం పట్టి నిలుస్తుంది. అడుగులకు, పట్టీలకు మేలు. అయితే వారాల తరబడి సమయం పడుతుంది. క్రోమియం లవణంతో పెద్ద పీపాలలో తిప్పి చేసే తోలు ఒకటి రెండు రోజులలో తయారవుతుంది. మెత్తగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. అందుకే బూట్ల పై తోలులో ఎక్కువ భాగం అదే. దాని ఖర్చును నదులు భరించాయి. తమిళనాడులో ఆంబూరు, వాణియంబాడి ప్రాంతాలలో ముస్లిం వర్తకులు పెంచిన పరిశ్రమ వేలమందికి అన్నం పెట్టింది. అక్కడి తోలు కర్మాగారాల వ్యర్థాలతో పాలారు కలుషితమైన వ్యవహారంలో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. మన పరిశ్రమ అనే అభిమానంతో ఆ రెండవ సంగతిని మరవకూడదు.

కొనేటప్పుడు ఏది ఏదో ఎలా తెలుస్తుంది? కోసిన అంచు చూడండి. లోపల నీలి బూడిదరంగు కనబడితే క్రోమ్ తోలు, ఆసాంతం గోధుమరంగయితే చెక్కతోలు. రంగు లోపలిదాకా అద్దితే ఈ గుర్తు పనిచేయకపోవచ్చు. అంచులో గుడ్డ అల్లిక కనబడితే అది రెక్సిన్. సోలుకు గేదెతోలు, మందంగా ముతకగా ఉంటుంది. పై భాగానికి ఆవుతోలు, దూడతోలు నునుపుగా ఉంటాయి. మేకతోలు పలచనిదైనా గట్టిది. గొర్రెతోలు మెత్తనిదే గాని పొరలు విడిపోతుంది. అస్తరుకు పనికివస్తుంది, లాగుడు పడేచోట పనికిరాదు. మందపు తోలును రెండుగా చీల్చినప్పుడు వచ్చే అడుగు పొరకు పైన పూత పూసి, మొదటి రకం ధరకు అంటగట్టే వర్తకులుంటారు. మడిచి చూడండి, పూత పగుళ్లిస్తుంది. మరొక మాట, మనకు ప్రత్యేకించి అవసరమైనది. బయటినుంచి వచ్చే బూట్లలో అస్తరు పందితోలు అయి ఉండవచ్చు. దానిలో వెంట్రుక రంధ్రాలు మూడేసి చొప్పున త్రికోణంలా గుంపులు కట్టి ఉంటాయి. భూతద్దంతో చూస్తే తెలుస్తుంది.

ఒకే తోలులో కూడా అన్ని చోట్లా ఒకే బలం ఉండదు. వెన్నుకు ఇరువైపులా, నడుమునుంచి తోకవరకు ఉన్న భాగం మేలైనది. పొట్ట భాగం సాగుతుంది. బూటు ముందుభాగాన్ని పొట్టనుంచి కోస్తే నెలలో వదులవుతుంది. తోలును ఎటు లాగితే తక్కువ సాగుతుందో చూసి, ఆ దిశను మడమనుంచి వేళ్లవైపు ఉంచి కోస్తారు. పచ్చితోలు మీద కత్తిగాటు ఎక్కడ పడిందో, గోమారి ఎక్కడ కుట్టిందో చూసి, ఆ మచ్చలను తప్పిస్తూ ఒక తోలులోనుంచి వీలైనన్ని జతలు తీయడం పెద్ద లెక్క. బడిలో లెక్కల పరీక్ష తప్పిన మనిషి ఈ లెక్కను రోజూ చేస్తున్నాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఉద్యోగం తొలినాళ్లలో కుటుంబ వివరాల ఫారాలు నింపే పని నాకు పడింది. ఒక గల్లీలో వరుసగా ఇళ్లన్నీ చెప్పులు కుట్టేవే. వృత్తి అన్న గడి దగ్గరకు రాగానే ‘ఏం చేస్తారు?’ అని అడిగేవాణ్ణి. ‘పని చేసుకుంటాం సాబ్’ అనేవారు. నేను ‘కూలి’ అని రాసేవాణ్ణి. స్త్రీల పేర్ల ఎదుట అడగకుండానే ‘గృహిణి’ అని రాసేవాణ్ణి. ఆమె చేతిలో అప్పుడు జిగురు కుంచె ఉండేది; నేను చూశాను, అయినా రాశాను. మధ్యాహ్నానికి ముప్పై ఇళ్లు పూర్తయ్యాయని పై అధికారి మెచ్చుకున్నారు. కాగితంమీద ఆ గల్లీలో ఒక్క చెప్పుల పనివాడు కూడా మిగలలేదు.

ఆ రాతకు ఇప్పుడు విలువ కట్టవచ్చు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. పాదరక్షల పని వాటిలో ఒకటి. కులమతాల షరతు లేదు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు, 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేకుండా మొదట లక్ష, తరువాత రెండు లక్షల వరకు రుణం అని నిబంధనలు చెబుతున్నాయి. కుటుంబానికి ఒకరికే. ప్రభుత్వోద్యోగి కుటుంబానికి వర్తించదు. కానీ మీరు ఈ పని చేస్తున్నారని మొదట స్థానిక సంస్థ, తరువాత జిల్లా కమిటీ పరిశీలించి ఒప్పుకోవాలి. కాగితాలన్నిటా ‘కూలి’ అని ఉన్న మనిషిని ఎవరు ఒప్పుకుంటారు?

మరొక తలుపు మనకు మూసి ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. అదే తోలు, అదే ఆరె, అదే వెలి. నమాజు చేస్తే మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. ఈ మతపు షరతు తీసివేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో ఇదే ప్రశ్నపై జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించారు. ఎస్సీ సోదరుల వాటాలో చేయి పెట్టమని నేను చెప్పడం లేదు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులను కొట్టినప్పుడూ, తోళ్ల బండిని ఆపి మనవాణ్ణి కొట్టినప్పుడూ దెబ్బ పడింది ఒకే పనిమీద. ఇద్దరమూ కలిసి అడగవలసిన మాటలు చాలా ఉన్నాయి.

నమోదైన పేరుకు బలం ఎంతో కొల్హాపురి చెప్పుల విషయంలో చూశాం. మహారాష్ట్ర, కర్ణాటకలలోని ఎనిమిది జిల్లాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025లో ఇటలీకి చెందిన ప్రాడా సంస్థ అటువంటి చెప్పులను తన ప్రదర్శనలో పెట్టినప్పుడు, ఆ పనివారి తరఫున గట్టిగా అడగగలిగారు. ఆ నమూనాకు ప్రేరణ భారతీయ చేతివృత్తి చెప్పులేనని ఆ సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది. పేరు కాగితంమీద లేకపోతే అడగడానికి ఆధారమే ఉండేది కాదు.

బక్రీదు దగ్గరపడుతున్నది కనుక ఒక మాట. కుర్బానీ తోళ్లతో మదరసాలు నడిచిన రోజులు మనం చూశాం. ఇప్పుడు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవారు తక్కువ. ధర మన చేతిలో లేదు, తోలు మాత్రం మన చేతిలో ఉన్నది. కత్తి తక్కువ వాడి, పిడికిలితో తోలును విడదీయమని కోసేవారికి చెప్పండి. ఎండలోనూ, ప్లాస్టిక్ సంచిలోనూ పెట్టకండి. కొద్ది గంటలలోపే లోపలివైపు ఉప్పు పట్టించండి. తోలు బరువులో దాదాపు 40 శాతం ఉప్పు కావాలి. గాటు పడిన తోలు, కుళ్లు పట్టిన తోలు చివరకు చేరేది ఈ చాచా రంపె కిందికే.

వెనక బల్లవద్ద మా వాళ్లు ముగ్గురు కూర్చున్నారు. మీ ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు చూపించండి; మీ కాగితాలలో వృత్తి ఎక్కడెక్కడ ఏమని ఉన్నదో వారు రాసుకుంటారు. తప్పుగా ఉన్నచోట సవరణకు అర్జీ నేను రాసిపెడతాను. ఆ పని నాకు బాగా వచ్చు. అర్హత ఉన్నవారిని సీఎస్‌సీ కేంద్రానికి తీసుకువెళ్లి, నమోదుకు ప్రయత్నిద్దాం. స్త్రీలు విడిగా వరుస కట్టండి; మీ పేరు ఎదుట మీ పని మీరే చెప్పండి, మీ తరఫున ఎవరినీ చెప్పనివ్వకండి. అసర్ నమాజుకు ఇంకా గంట సమయం ఉన్నది. చాచా, మీ ఆరె తీసుకోండి. మొదటి అర్జీ మీదే రాద్దాం.