మందు, ప్రార్థన, కాఫీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మా యింటికి వచ్చి, "అమ్మా, ఈసారి ఉగాది సభలో మీరు నాలుగు మాటలు చెప్పాలి. జబ్బు చేసి లేచిన మనిషి మాట వింటే పదిమందికి ధైర్యంగా ఉంటుంది" అన్నారు. ముందు నేను ఒప్పుకోలేదు. పండుగనాడు జబ్బుల కబుర్లేమిటి అనుకున్నాను. తరువాత ఆలోచించగా, ఈ హాలులో కూర్చున్న కుటుంబాలలో మంచాన పడ్డ మనిషిని చూడని కుటుంబము ఏదైనా ఉంటుందా అనిపించింది. మనవాళ్లు చెన్నపట్నానికి సగం మంది ఉద్యోగాల కొరకు వస్తే, సగం మంది వైద్యము కొరకే వస్తారు కాబోలు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన రైలు సెంట్రల్‌లో ఆగినప్పుడు దిగేవారి చేతుల్లో ఎక్స్‌రే కవర్లు ఎన్ని ఉంటాయో ఒకసారి చూడండి.

నేను క్రైస్తవురాలిని. ఈ సభలో ఎక్కువమంది కారు. నా విశ్వాసాన్ని మీకు అంటగట్టాలని రాలేదు. కాని అది లేకుండా నా జబ్బు సంగతి చెప్పడం నాకు చేతకాదు. అందుకు మన్నించండి.

నా సంగతికి ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

మాది కావలి దగ్గర పల్లె. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ 1955లో మొదలైనప్పుడు మా నాన్నగారు అందులో పనికి కుదిరి, మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. 1959లో అమ్మకు క్షయ అని తేలింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు పైకి అనేవారు కారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషనులు కలిసి 1912లో నెలకొల్పిన శానిటోరియము, తాంబరంలో డాక్టరు చౌరీముత్తుగారు 1928లో ప్రారంభించిన శానిటోరియము, ఈ రెండు పేర్లూ మా యింట్లో గుసగుసగా వినబడేవి. రోగిని ఇంటికి దూరంగా, గాలీ వెలుతురూ ఉన్న చోట, పూర్తి విశ్రాంతితో, బలమైన ఆహారముతో ఉంచితేనే నయమౌతుందని అప్పటి నమ్మకము. అమ్మకు మేము ముగ్గురు పిల్లలము. వెళ్లనని కూర్చుంది.

సరిగా ఆ సంవత్సరాల్లోనే మన పట్నంలో ఒక గొప్ప పని జరిగింది. ఇది మనలో చాలామందికి తెలియదు గనుక కొంచెం వివరంగా చెబుతాను. చేట్‌పట్‌లో 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వము, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటను వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టినది. వాలెస్ ఫాక్స్ అనే ఆంగ్లేయ డాక్టరు ఆ పరిశోధనకు ముందు నిలిచాడు. పట్నంలోని పేద రోగులను చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టును శానిటోరియంలో ఉంచారు, రెండో జట్టును ఇంటికి పంపారు. ఇద్దరికీ ఒకే మందు, ఒక ఏడాది పాటు. ఇంట్లో ఉన్నవారికి ఇరుకు గదులు, చాలీచాలని తిండి, తప్పని చాకిరి. అయినా ఏడాది తిరిగేసరికి వాళ్లకూ శానిటోరియం వాళ్లకూ ఫలితంలో చెప్పుకోదగిన తేడా లేదు. తరువాత కొన్నేళ్లు గమనిస్తే, ఇంటి రోగుల దగ్గర ఉన్న పిల్లలకూ పెద్దలకూ జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. 1959లో ఈ ఫలితాలు అచ్చయినాక ప్రపంచంలో చాలా దేశాలు క్షయ రోగులను ఇంట్లోనే ఉంచి వైద్యం చేయడం నేర్చుకున్నాయి. చేట్‌పట్‌లోని ఆ కేంద్రమే ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

ఇందులో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. నయం చేసింది మందు. ఇల్లు కాదు, కొండగాలి కాదు, కోడిగుడ్లు కాదు. కాని ఆ మందును ఏడాది పొడుగునా, ప్రతిరోజూ, మనిషే మింగాలి. అక్కడే ఉంది చిక్కంతా. ఆ డాక్టర్లకూ ఇది తెలుసు. చెప్పాపెట్టకుండా ఇళ్లకు వచ్చి మిగిలిన మందు లెక్కపెట్టేవారు, మూత్ర పరీక్ష చేసి మందు మింగారో లేదో కనిపెట్టేవారు.

మా అమ్మకు ఇచ్చింది కూడా ఆ మందులే, ఐసోనయజిడ్, పి.ఏ.ఎస్. ఈ రెండోది కడుపులో తిప్పే మందు. వాసనకే వాంతి వచ్చేది. ఒకనాడు తిరగలి వెనుక ఊడుస్తుంటే నాకు మందు పొట్లాలు దొరికాయి. పదకొండు. లెక్కపెట్టి మరీ నాన్న చేతికిచ్చాను. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన ఆ పొట్లాలు అమ్మ ముందు పెట్టి, చాలాసేపు ఏమీ అనకుండా కూర్చున్నారు. అమ్మే చివరికి, "దేవుడు బాగుచేస్తాడులే అనుకున్నాను" అంది. "ఆ దేవుడే ఇది పంపించాడేమో, అడిగి చూశావా?" అన్నారు నాన్న.

మరునాటి నుంచి మా యింట్లో ఒక పద్ధతి వచ్చింది. తెల్లవారగానే నాన్న కాఫీ కలిపేవారు. అమ్మ మందు మింగేది. ఇద్దరూ చిన్న ప్రార్థన చేసేవారు. ప్రార్థన అయ్యాకే కాఫీ. అమ్మకు కాఫీ అంటే ప్రాణము. ఆ గ్లాసు కొరకే మందు మింగాను అని తరువాత నవ్వుతూ చెప్పేది. భక్తిగలవారు ఇది విని నొచ్చుకుంటారేమో గాని, నాకు మాత్రం ఇందులో అపచారమేమీ కనిపించదు. ఆమె ఆ తరువాత నలభై రెండేళ్లు బ్రతికింది.

ఇక నా సంగతి. మూడేళ్ల క్రితం నాకు రొమ్ము క్యాన్సరు అన్నారు. ఆపరేషను, దాని తరువాత మూడు వారాలకొకటి చొప్పున ఆరు విడతల కీమో. ఆసుపత్రి బాధలు మీకు తెలిసినవే, వాటితో విసిగించను. నాకు ఎక్కువ బాధ కలిగించినవి పరామర్శలు. వచ్చినవారిలో ఒకావిడ, "నీవు ఏం పాపము చేశావమ్మా?" అని అడిగింది. మంచి మనసుతోనే అడిగింది, అదే విచిత్రము. పుట్టుగ్రుడ్డివానిని చూపి యేసు ప్రభువును శిష్యులడిగిన ప్రశ్నే అది. వీడు పాపము చేశాడా, వీడిని కన్నవారా అని. రెండూ కాదన్నాడు ఆయన. రెండు వేల ఏళ్లయినా ఆ జవాబు మా వీధి దాకా రాలేదు! ఇంకొక పెద్దమనిషి, నిజమైన విశ్వాసము ఉంటే మందు మానేయమన్నాడు. హిజ్కియా రాజు మరణకరమైన జబ్బులో ప్రార్థిస్తే, దేవుడు విన్నాడని చెప్పిన ఆ యెషయా ప్రవక్తే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. బైబిలులో ఉన్నదే. ఆయనకు ఇది చెబుదామనుకున్నాను గాని, అప్పుడు నాకు మాట్లాడే ఓపిక లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మూడో విడత తరువాత ఒక రాత్రి, ఇక వెళ్లకూడదని నిర్ణయించుకున్నాను. ప్రార్థిద్దామంటే మాట రాలేదు. ఆ రాత్రి నాకు దర్శనమేమీ కలగలేదు, స్వరమేమీ వినబడలేదు. ఉన్నది ఉన్నట్లు చెబుతున్నాను. పిలిచినా పలకనివాడితో పేచీ పెట్టుకున్నట్లు పడుకున్నాను. తిరగలి వెనుక పొట్లాలు గుర్తుకొచ్చాయి. అమ్మ ఎందుకు దాచిందో అప్పుడు నాకు అర్థమైంది.

తెల్లవారినాక మా కోడలు, అలవాటు ప్రకారం కాఫీ తెచ్చింది. వాసన భరించలేకపోయాను. నాలుకంతా ఇనుము నాకినట్లుంది. అమ్మను బ్రతికించిన కాఫీ నాకు పనికిరాలేదు, చూశారా! పక్కింటి తమిళ అక్కయ్య సంగతి విని, పలచని మజ్జిగలో నిమ్మరసము, ఉప్పు కలిపి పంపింది. అది లోపలికి పోయింది. ఎంతో కాలానికి ఒక వస్తువు రుచిగా తగిలింది. మంచం మీద కూర్చుని ఏడ్చాను. ప్రార్థన అప్పుడు వచ్చింది, మజ్జిగ తరువాత.

ఏలీయా ప్రవక్త అరణ్యంలో బదరీ చెట్టు క్రింద పడి, నా ప్రాణము తీసుకో అని అడిగినప్పుడు, దేవదూత ఉపదేశము చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ నిద్రపోనిచ్చాడు. యాయీరు కూతురిని బ్రతికించినాక కూడా యేసు మొదట చెప్పినవాటిలో ఒకటి, పిల్లకు తినడానికి ఏమైనా పెట్టండి అని. ఈ సంగతులు చిన్ననాటి నుంచి చదువుతున్నవే. మజ్జిగ తాగేదాకా నా బుర్రకెక్కలేదు.

అప్పటి నుంచి నేను రోజుకొకటి వెదుక్కున్నాను. డాబా మీద ఎండకు ఆరి వేడెక్కిన దుప్పటి. పక్క వీధిలో సాయంత్రం మల్లెలమ్మే మనిషి కేక. పాత తెలుగు పాటలు. తెల్లకణాలు తగ్గినందున జనములోకి పోవద్దన్నారు, గుడికి వెళ్లలేకపోయాను. ఆదివారం సాయంత్రాలు మా సంఘములోని ఆడవాళ్లు ఫోనులో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడి వినిపించేవారు. పురుషోత్తమ చౌదరిగారు పందొమ్మిదవ శతాబ్దంలో వ్రాసినవి కూడా వాటిలో ఉన్నవి. మన రాగాలతో, మన నుడికారముతో వ్రాసిన పాటలు గనుక మా పక్కింటి అక్కయ్య కూడా వచ్చి కూర్చునేది. ఒకరిద్దరికి శ్రుతి కుదిరేది కాదు. ఆ సంగతి వాళ్లకు చెప్పకండి.

వీటివల్ల క్యాన్సరు తగ్గిందని నేను అనను. తగ్గించింది కత్తి, మందు, చదువుకున్న డాక్టర్ల చేతులు. ఇవన్నీ చేసిన పని ఒక్కటే, నాలుగో విడతకు నన్ను ఆటో ఎక్కించాయి. ఐదో విడతకు, ఆరో విడతకు ఎక్కించాయి. మీ ఇంట్లో రోగి ఉంటే, పత్యము పేరుతో వారికి ఇష్టమైనవన్నీ ఒక్కసారి లాగేసుకోకండి. ఏది కూడదో డాక్టరును అడగండి, మిగిలినవి ఉండనివ్వండి. ఊరకే పక్కన కూర్చోవడం తెలిస్తే మరీ మంచిది. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతకాలమూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే గొడవ వచ్చింది.

వచ్చే నెలలో నాకు మళ్లీ పరీక్షలున్నవి. భయము లేదని చెబితే అబద్ధమౌతుంది. అవి కాగానే మెరీనాకు తీసుకెళ్లి సుండలు కొనిపెడతానని మా మనుమడు మాట ఇచ్చాడు. కాఫీ కూడా పోయిన దీపావళి నుంచి మళ్లీ రుచిస్తున్నది. కార్యదర్శిగారు వెనుక కాఫీ సిద్ధమైందని సైగ చేస్తున్నారు గనుక, ఇక మిమ్మల్ని ఆపను.