దీపం తగ్గిన మాట నిజం: 'గ్యాస్‌లైట్' అనే క్రియ గురించి



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు మనస్తత్వశాస్త్రం చెప్పేటప్పుడు ఒక పట్టు పట్టేవారు: జబ్బుకు పేరు పెట్టేముందు మనిషి చెప్పేది చివరిదాకా వినాలని. ఆ పట్టు గుర్తుంచుకునే ఈసారి 'గ్యాస్‌లైట్' అనే ఇంగ్లీషు క్రియను ఎంచుకున్నాను. 'నన్ను గ్యాస్‌లైట్ చేయకు' అని మన పిల్లలు తెలుగులోనే అనేస్తున్నారు. 2022లో అమెరికా నిఘంటు సంస్థ మెరియమ్-వెబ్‌స్టర్ 'గ్యాస్‌లైటింగ్'ను ఆ ఏటి మాటగా ప్రకటించింది. వాడుక పెరిగేకొద్దీ మాట పలచబడుతోంది. దానివల్ల నష్టపోయేది ఎవరో చెప్పాలనే నా తాపత్రయం.

ఈ మాట ఆసుపత్రిలో పుట్టలేదు, రంగస్థలం మీద పుట్టింది. 1938లో ఇంగ్లండు రచయిత ప్యాట్రిక్ హామిల్టన్ రాసిన 'గ్యాస్ లైట్' నాటకం 1940లో బ్రిటన్‌లోనూ, 1944లో హాలీవుడ్‌లోనూ సినిమాగా వచ్చింది. హాలీవుడ్ సినిమాలో భార్యగా నటించిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఆస్కార్ దక్కింది. అందులో భర్త ఏం చేస్తాడో చూడండి. భార్యకు ఒక బ్రోచ్ కానుకగా ఇస్తాడు. నువ్వు వస్తువులు పారేసుకుంటావంటూ తానే ఆమె చేతిసంచిలో పెడతాడు. ఆ తర్వాత అది కనిపించదు. గోడ మీది పటం మాయమవుతుంది, ఎక్కడ దాచావని ఆమెనే నిలదీస్తాడు. సంగీత కచేరీలో నలుగురి మధ్య కూర్చుని తన గడియారం పోయిందంటాడు, ఆమె సంచిలోంచే దాన్ని బయటికి తీస్తాడు. చెయ్యి చేసుకోడు. ఓసారి మందలిస్తాడు, ఓసారి జాలిపడతాడు. ఆ జాలే ఆమెను ఎక్కువ కుంగదీస్తుంది.

ఇక దీపం సంగతి. ఇంట్లో ఒకచోట గ్యాస్ దీపం వెలిగిస్తే మరోచోట మంట తగ్గేది. భర్త రాత్రిపూట బయటికి వెళ్తున్నట్టు నమ్మించి, దొంగదారిన అదే ఇంటి పైభాగానికి చేరి, దాచిపెట్టి ఉన్న నగల కోసం వెతుకుతాడు. అక్కడ దీపం వెలగగానే కింద ఆమె గదిలో వెలుతురు మందగిస్తుంది. ఆమెను భ్రమపెట్టడానికే అతను దీపం తగ్గిస్తాడని చాలామంది రాస్తుంటారు. కథను సరిగా చూడకపోవడం వల్ల వచ్చిన పొరపాటు అది. దీపం అతని పన్నాగంలో భాగం కాదు, అతన్ని పట్టించిన సాక్ష్యం. ఒక పోలీసు అధికారి ఆ గదిలోకి వచ్చి, మంట తగ్గడం తన కళ్లతో చూశాకే ఆమెకు తన కళ్ల మీద నమ్మకం తిరిగొస్తుంది.

1961లో మానవశాస్త్రవేత్త ఆంథొనీ వాలెస్ తన పుస్తకంలో 'గ్యాస్‌లైట్' మాటను క్రియగా వాడారు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అతని ప్రవర్తననే జబ్బు లక్షణంగా వివరించి మతి చెడగొట్టవచ్చన్న నమ్మకం జనంలో ఉందని చెబుతూ వాడారు. 1969లో 'లాన్సెట్' వైద్యపత్రికలో బార్టన్, వైట్‌హెడ్ అనే ఇద్దరు వైద్యులు, అయినవాళ్లనే మానసిక వైద్యశాలకు పంపించేందుకు ఇంటివాళ్లు పన్నిన ఇలాంటి ఎత్తుల గురించి రాశారు. గ్యాస్‌లైటింగ్ రోగనిర్ధారణ పదం కాదు. ఒకరు మరొకరికి చేసే పనికి పేరు.

కాబట్టి ఎక్కడ వాడకూడదో గట్టిగా చెప్పాలి. మనతో ఏకీభవించనివాడు గ్యాస్‌లైట్ చేయడం లేదు. జరిగింది వేరేగా గుర్తున్నవాడూ చేయడం లేదు. ఒకసారి అబద్ధమాడి బుకాయించినవాడు అబద్ధాలకోరు, అంతే. అబద్ధం ఒక సంగతిని దాస్తుంది. గ్యాస్‌లైటింగ్ అలా ఆగదు. ఎదుటి మనిషి తన చూపునూ జ్ఞాపకాన్నీ తానే నమ్మలేని స్థితికి వచ్చేదాకా పదేపదే సాగుతుంది. ప్రతి చిన్న తగువుకూ ఈ మాట అంటిస్తే, నిజంగా ఆ నరకంలో ఉన్న మనిషి నోరు విప్పినప్పుడు వినేవాళ్లు విసుక్కుంటారు.

మన ఇళ్లలో ఇది ఎలా వినిపిస్తుందో మీకు తెలియనిది కాదు. 'నేనెప్పుడన్నాను అలా?', 'అన్నీ నువ్వే ఊహించుకుంటావు', చివరికి పుట్టింటివాళ్లకు ఫోన్ చేసి 'మీ అమ్మాయికి మనసు బాగాలేదు, డాక్టరుకు చూపించండి' అనడం. మొదటి రెండు మాటలు ఏ ఇంట్లోనైనా దొర్లుతాయి. మూడోది చేరితే మాత్రం తల్లిదండ్రులు ఉలిక్కిపడాలి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం మాటలతో, మనసుకు తగిలేలా పెట్టే హింసను కూడా హింసగానే గుర్తించింది. దెబ్బల గుర్తులు లేవు కదా అని సర్దిచెప్పే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

మీ కూతురో చెల్లెలో, ఆ మాటకొస్తే కొడుకో, 'తప్పు నాదేనేమో, నాకే మతి తప్పుతోందేమో' అని వస్తే వెంటనే ఓదార్చకండి, తీర్పూ చెప్పకండి. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరున్నారు అని అడగండి. తేదీ వేసి రాసిపెట్టుకోమనండి. వీలైతే వెళ్లి నాలుగు రోజులు ఆ ఇంట్లో ఉండండి. మహిళల సహాయానికి 181, మనసు కుంగినవారికి టెలిమానస్ 14416 నంబర్లున్నాయి. ఈ సభ ముగిసేలోగా ఆ రెండూ మీ ఫోన్లో ఎక్కించుకోండి.